తెల్లారేసరికి ఒక చెవి వినపడకపోతే

చెవి, ముక్కు, గొంతు సమస్యలపై పాఠకుల ప్రశ్నలకు వైద్యుని సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 41 ఏళ్ళు. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. మొన్న ఆదివారం ఎప్పటిలాగే తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మేత వేసే కుర్రాడికి ఫోన్ చేస్తే అవతలి నుంచి ఒక్క ముక్క వినపడలేదు. ఫోన్ పాడైందనుకుని కుడి చెవికి మార్చగానే మాట స్పష్టంగా వినిపించింది. అప్పటి నుంచి ఎడమ చెవి దూది కుక్కినట్టు దిబ్బడ వేసే ఉంది. లోపల ఏరియేటరు తిరుగుతున్నట్టు ఎడతెగని హోరు. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు గులిమి అయి ఉంటుందని చుక్కల మందు ఇచ్చి వారం రోజులు చూడమన్నారు. ఈ రోజు గురువారం. గుడి మైకులో వచ్చే పాట కూడా శ్రుతి తప్పి, రెండు గొంతులు కలిసినట్టు వినిపిస్తోంది. ఇంకా ఆగమంటారా?

జవాబు: ఆగవద్దు. మీ మెయిల్ చదివిన పూటే పత్రికా కార్యాలయం వారితో మీకు ఫోన్ చేయించి, వెంటనే చెవి వైద్యుని దగ్గరకు వెళ్ళమని చెప్పించాను. ఈ జవాబు అచ్చయి మీ చేతికి అందే వరకు ఆగి ఉంటే, మందు పనిచేసే గడువు చాలావరకు దాటిపోయేది. అందువల్ల ఇక్కడ రాస్తున్నది మీ ఒక్కరి కోసం కాదు. రేపో మాపో ఇదే విధంగా నిద్ర లేచే మరొకరి కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పిన లక్షణాలన్నీ హఠాత్తుగా వచ్చే నరాల చెవుడు వైపే చూపిస్తున్నాయి. వైద్యులు దీనికి పెట్టుకున్న కొలత ఒకటి ఉంది. మూడు రోజుల్లోపు, వినికిడి పరీక్షలో పక్కపక్కనే ఉన్న కనీసం మూడు పౌనఃపున్యాల్లో (శబ్దపు హెచ్చు తగ్గు శ్రుతుల్లో), 30 డెసిబెళ్ళు లేదా అంతకు మించి వినికిడి తగ్గితే దాన్ని ఈ జబ్బుగా పరిగణిస్తారు. 30 డెసిబెళ్ళంటే చిన్న తేడా కాదు. పక్కనే కూర్చుని మామూలుగా మాట్లాడే మనిషి మాట గుసగుసగా మారిపోయినంత తేడా. దాదాపు ఎప్పుడూ ఒక్క చెవికే వస్తుంది. చాలామంది మీలాగే నిద్ర లేస్తూనో, ఫోన్ ఎత్తినప్పుడో గమనిస్తారు. కొందరికి చెవిలో టప్‌మని చిన్న శబ్దం వినిపించి, ఆ వెంటనే వినికిడి పోతుంది. ఎక్కువమందికి హోరు తోడవుతుంది. ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి కళ్ళు తిరగడం, వాంతులు కూడా ఉంటాయి. మీకు పాట రెండు శ్రుతుల్లో వినిపించడం కూడా ఈ జబ్బు లక్షణమే: దెబ్బతిన్న చెవి అదే స్వరాన్ని వేరే స్థాయిలో అందుకుంటుంది కనుక రెండు చెవుల లెక్క కుదరదు.

నొప్పి లేకపోవడమే ఈ జబ్బులో మోసం. పన్ను నొప్పికి అర్ధరాత్రి తలుపు తట్టే మనిషి, చెవి దిబ్బడకు మాత్రం "అదే తగ్గుతుందిలే" అని పది రోజులు ఆగుతాడు. మన ప్రాంతంలో ఆ పొరపాటు పడటానికి కారణాలు కూడా లేకపోలేదు. కాలవల్లో, చెరువుల్లో మునిగి స్నానం చేసేవారికి గులిమి నీరు పట్టి ఉబ్బి, రాత్రికి రాత్రి చెవి మూసుకుపోవడం మామూలే. ఈ ఉక్కపోత వాతావరణంలో చెవిలో బూజు పెరగడమూ, జలుబు చేసినప్పుడు కర్ణభేరి వెనక నీరు చేరడమూ తరచుగా చూస్తాం. అవన్నీ శబ్దం లోపలికి వెళ్ళే దారి మూసుకుపోవడం వల్ల వచ్చే దిబ్బళ్ళు. దారి తెరిస్తే వినికిడి తిరిగి వస్తుంది. మీకు వచ్చింది దారిలో అడ్డంకి కాదు, శబ్దాన్ని అందుకునే చోటే వచ్చిన దెబ్బ. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చెవిలోకి దీపంతో చూసి, దారి శుభ్రంగా ఉండి, కర్ణభేరి మెరుస్తూ చెక్కుచెదరకుండా కనిపించినా మాట వినపడడం లేదంటే, అదే భయపడవలసిన చెవి. గులిమి ఉందో లేదో చూడకుండా గులిమి మందు వేయడం వల్ల చెవికి పెద్ద హాని జరగకపోవచ్చు గాని, ఆ వారం రోజులు మాత్రం తిరిగి రావు.

ఇంట్లోనే చేసుకోదగిన చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. ముందు బాగున్న మనిషి ఒక చెవిని వేలితో గట్టిగా మూసుకుని, నోరు మూసి "మ్‌" అని సన్నగా కూనిరాగం తీయాలి. ఆ శబ్దం మూసిన చెవిలోనే పెద్దగా వినిపిస్తుంది. గులిమి వల్లనో, నీరు చేరడం వల్లనో చెవి మూసుకుపోయిన వారికి కూడా ఇలాగే, దిబ్బడ వేసిన చెవిలోనే రాగం మోగుతుంది. కాని నరాల చెవుడు వచ్చిన వారు అదే రాగం తీస్తే శబ్దం బాగున్న చెవి వైపుకు జరిగిపోతుంది. సెకనుకు 512 సార్లు కంపించే శ్రుతిదండాన్ని నుదుటి మీద ఆనించి మేము చేసే పరీక్షకు సూత్రం ఇదే. కూనిరాగం మంచి చెవి వైపు వెళ్ళిందంటే ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. అటువైపు వెళ్ళలేదని మాత్రం నిశ్చింతగా ఇంట్లో కూర్చోకూడదు. అసలు సంగతి తేల్చేది ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష ఒక్కటే. అది అరగంటలో పూర్తయ్యే, నొప్పి లేని పరీక్ష.

ఇక కారణం సంగతి. నిజం చెప్పాలంటే, వచ్చిన పదిమందిలో తొమ్మిది మందికి ఫలానా కారణమని వేలు పెట్టి చూపించలేం. వైరస్ సోకి లోపలి చెవి వాచిపోవడం ఒక అనుమానం. శరీరపు రక్షణ వ్యవస్థ తన చెవి మీదకే తిరగబడడం మరొకటి. రక్తప్రసారం ఆగిపోవడం ఇంకొకటి. ఈ చివరిది మన రైతులకు సులువుగా అర్థమవుతుంది. కాలవ మొదట్లో ఉన్న చేనుకు ఒక బోదె పూడిపోతే పక్క బోదె నుంచి నీరు మళ్ళించుకోవచ్చు. శివారు చేనుకు ఒక్కటే బోదె ఉండి, అదీ పూడితే చేను ఎండవలసిందే. లోపలి చెవి అటువంటి శివారు భూమి. దానికి రక్తం తెచ్చే సన్నటి ధమని ఒక్కటే, ప్రత్యామ్నాయం లేదు. నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు తిరిగి ఉండే ఆ భాగంలో సుమారు 15,000 రోమకణాలు శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మారుస్తుంటాయి. అవి ఒకసారి చనిపోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. వాచి, సొమ్మసిల్లి, ఇంకా చనిపోని కణాలను నిలబెట్టడానికే మా తొందరంతా.

చికిత్సలో మొదటి మందు స్టెరాయిడ్. సాధారణంగా ప్రెడ్నిసొలోన్‌ను కిలో బరువుకు రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున, 60 మిల్లీగ్రాములు మించకుండా, ఒకటి నుంచి రెండు వారాలు ఇచ్చి, తర్వాత మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. ఈ లెక్క మీకు అర్థం కావాలని రాశానే గాని, మందుల షాపులో అడిగి కొనుక్కోవడానికి కాదు. సుగరు, బీపీ, కడుపులో పుండు, టీబీ ఉన్నాయేమో చూడకుండా ఈ మందు వేసుకోవడం ప్రమాదం. జబ్బు మొదలైన రెండు వారాల్లోపు, వీలైతే మొదటి కొద్ది రోజుల్లోనే, మొదలుపెట్టాలి. మాత్రలతో ఫలితం చాలకపోతే కర్ణభేరి గుండా సన్నటి సూదితో మందును నేరుగా నడిమి చెవిలోకి ఎక్కిస్తారు. మొదట చెవిని మొద్దుబారేలా చేసి, మందును ఒంటి వేడికి తెచ్చి ఎక్కిస్తారు. చల్లగా ఎక్కిస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత అరగంట పాటు ఆ చెవి పైకి ఉండేలా పడుకుని, మాట్లాడకుండా, వీలైనంతవరకు గుటక వేయకుండా ఉండాలి. గుటక వేస్తే మందు గొంతులోకి జారిపోతుంది. కొద్ది రోజుల ఎడంతో మూడు నాలుగు సార్లు ఇస్తారు. జబ్బు వచ్చిన రెండు నుంచి ఆరు వారాల మధ్య, పూర్తిగా కోలుకోని వారికి ఇది తప్పకుండా అడగదగిన చికిత్స.

అధిక పీడనం ఉన్న గదిలో కూర్చోబెట్టి ప్రాణవాయువు అందించే చికిత్స కూడా ఉంది. సదుపాయం ఉన్నచోట, మొదటి నెలలోపు, స్టెరాయిడ్‌తో కలిపి ఇవ్వవచ్చు; స్టెరాయిడ్ మానేసి దాని కోసం ఊళ్ళు తిరగడం మాత్రం తగదు. ఇవి కాక వైరస్ మందులు, రక్తనాళాలను వెడల్పు చేసే మందులు, రక్తం పల్చబరిచే సూదులు చాలాచోట్ల రాస్తుంటారు. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2012లో ప్రకటించి 2019లో సవరించిన మార్గదర్శకాలు వీటిని అలవాటుగా రాయవద్దనే చెబుతున్నాయి. నా అభిప్రాయమూ అదే. మొదటి రోజే తల సీటీ స్కాన్ తీయించనక్కర లేదనీ అందులోనే ఉంది. అయితే చికిత్స మొదలైన తర్వాత ఎమ్మారై మాత్రం తీయించాలి. నూటికి కొద్దిమందిలో వినికిడి నాడి మీద మెల్లగా పెరిగే, క్యాన్సరు కాని గడ్డ ఉండి, అది ఇలా హఠాత్తుగా బయటపడుతుంది.

ఏమీ చేయకుండానే కోలుకునేవారు లేరా అంటే, ఉన్నారు. మూడింట ఒక వంతు నుంచి దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఎంతో కొంత వినికిడి దానంతటదే తిరిగి వస్తుందని లెక్కలున్నాయి. ఆ అదృష్టవంతుల్లో మనం ఉన్నామో లేదో ముందుగా తెలుసుకునే మార్గం మాత్రం లేదు. మొదట్లోనే కళ్ళు బాగా తిరిగినవారికి, పూర్తిగా వినపడనివారికి, వయసు మళ్ళినవారికి అవకాశాలు తక్కువ.

మా మేనమామ ధాన్యం కాటా దగ్గర గుమస్తా. నేను వైద్యవిద్య చదువుతున్న రోజుల్లో ఆయనకు ఒక ఉదయం కుడి చెవి పోయింది. ఊళ్ళో ఒకరు చుక్కల మందు ఇచ్చారు, మరొకరు వెల్లుల్లి కాచిన నూనె పోయించారు. సెలవులకు నేను ఇంటికి వచ్చి విషయం తెలుసుకునేసరికి ఇరవై నాలుగు రోజులు గడిచిపోయాయి. ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళలో ఎప్పుడూ కుడి వైపు గోడ ఉండే చోటే వెతుక్కుని కూర్చునేవారు, అటువైపు నుంచి ఎవరూ పలకరించకుండా. రోజు తేడాతో వచ్చినవారిని కూడా నేను ఎందుకు తొందరపెడతానో అడిగేవారికి ఆ గోడే నా జవాబు.

ఒక్క హెచ్చరిక. వినికిడి పోవడంతోపాటు మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేనంతగా తూలిపోతున్నా, అది పక్షవాతం కావచ్చు. అప్పుడు చెవి వైద్యుని కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేరాలి.

ప్రశ్న: మా మామయ్య గారికి 63 ఏళ్ళు, పదేళ్ళుగా సుగరు. మూడు రోజుల క్రితం చెవి పోతే డాక్టరు గారు స్టెరాయిడ్ రాశారు. సుగరు పెరిగి ప్రాణం మీదకు వస్తుందని ఇంట్లో అందరూ భయపడి మందు వేయనివ్వడం లేదు. ఏం చేయాలి? (ఒక గృహిణి, ముమ్మిడివరం)

జవాబు: మీ భయంలో నిజం ఉంది గాని, దానికి మందు మానేయడం మార్గం కాదమ్మా. స్టెరాయిడ్ వేసుకున్నప్పుడు సుగరు పెరుగుతుంది, ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు. ఉదయం పరగడుపున మాత్రమే చూసుకుంటే అది కనిపించకపోవచ్చు. భోజనానికి ముందు, తర్వాత కూడా ఇంట్లో చూస్తూ, సుగరు చూసే వైద్యుని సలహాతో ఆ పది పదిహేను రోజులూ మందుల మోతాదు పెంచుకుంటే, అవసరమైతే ఇన్సులిన్ తీసుకుంటే, చాలామంది ఇబ్బంది లేకుండా గట్టెక్కుతారు. సుగరు అదుపులో లేకపోతే మాత్రలకు బదులుగా పైన చెప్పిన కర్ణభేరి సూదినే మొదటి చికిత్సగా ఇవ్వవచ్చు. దానిలో మందు చెవికే పరిమితమవుతుంది కనుక సుగరు మీద ప్రభావం చాలా తక్కువ. మీ డాక్టరు గారిని సూటిగా ఇదే అడగండి: "సూది ద్వారా ఇవ్వగలరా? మీ దగ్గర లేకపోతే ఎక్కడికి పంపుతారు?" ఈ సంకోచంలో ఇంకో మూడు రోజులు పోనివ్వకండి.

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్ళు. కిందటి ఏడాది గవదబిళ్ళలు వచ్చి తగ్గాయి. ఈ మధ్య వాళ్ళ అమ్మమ్మతో ఫోన్ మాట్లాడుతూ ఎడమ చెవికి పెట్టుకుంటే ఏమీ వినపడడం లేదన్నాడు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా? (ఒక తల్లి, రావులపాలెం)

జవాబు: ఉండవచ్చు. గవదబిళ్ళల వైరస్ లోపలి చెవిని దెబ్బతీయడం అరుదే అయినా, పిల్లల్లో ఒక చెవి పూర్తిగా పోవడానికి అది పేరున్న కారణం. రెండో చెవి బాగా పనిచేస్తుండడంతో పిల్లవాడికీ తెలియదు, పెద్దలూ గమనించరు. ఏడాది గడిచింది కనుక స్టెరాయిడ్‌తో ప్రయోజనం ఉండదు. అయినా పూర్తి వినికిడి పరీక్ష చేయించండి. గులిమి గాని, కర్ణభేరి వెనక నీరు గాని ఉంటే అది బాగుపడే విషయం. నరాల చెవుడేనని తేలితే బడిలో టీచరు గారితో మాట్లాడి, బాబు కుడి చెవి టీచరు వైపు ఉండేలా ముందు వరసలో ఎడమ చివర కూర్చోబెట్టించండి. సైకిలు నేర్పేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ఒక్క చెవితో శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం, కాలవ గట్టు మీది ఇరుకు రోడ్డులో వెనక నుంచి వచ్చే బండిని కళ్ళతోనే చూసుకోవాలని అలవాటు చేయండి. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే మరో మాట: ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చే ఎం.ఆర్. టీకా తట్టుకు, రుబెల్లాకే రక్షణ. గవదబిళ్ళలకు కూడా రక్షణ ఉండే ఎం.ఎం.ఆర్. టీకా గురించి పిల్లల వైద్యుని అడగండి.

ప్రశ్న: దీపావళి రోజు చెవి పక్కనే బాంబు పేలింది. అప్పటి నుంచి చెవి గింగురుమంటోంది. (ఒక విద్యార్థి, అమలాపురం)

జవాబు: పెద్ద శబ్దం తర్వాత వచ్చే దిబ్బడ చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మర్నాటికి కూడా తేడా లేకపోతే పరీక్ష చేయించుకోవాలి. కర్ణభేరికి చిల్లు పడి ఉండవచ్చు కనుక చెవిలో నూనె గాని, చుక్కలు గాని వేయకండి; తలస్నానం చేసేటప్పుడు చెవిలోకి నీరు పోకుండా చూసుకోండి. లోపలి కణాలు దెబ్బతిని ఉంటే ఇక్కడ కూడా స్టెరాయిడ్ వాడతాం, ఇక్కడ కూడా ఆలస్యమే నష్టం.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. నాలుగు నెలల క్రితం ఎడమ చెవి హఠాత్తుగా పోయింది. మాత్రలూ సూదులూ అన్నీ అయ్యాయి గాని వినికిడి రాలేదు. రాత్రి పడుకుంటే లోపల హోరు నిద్ర పట్టనివ్వదు. నరాల బలానికని నెలనెలా మాత్రలు కొంటున్నాను. నలుగురూ మాట్లాడుతుంటే ఏమీ అర్థం కాక నవ్వి ఊరుకుంటున్నాను. నా మనవరాలు వచ్చి ఒళ్ళో కూర్చుని చెప్పే మాటలు కూడా సగమే అందుతున్నాయి. వికలాంగుల సర్టిఫికెట్‌కు అర్హత ఉంటుందా? (నరసాపురం)

జవాబు: మాస్టారూ, నాలుగు నెలలు దాటిన తర్వాత మందులతో వినికిడి తిరిగి వస్తుందని చెప్పి మీకు లేని ఆశ కల్పించలేను. ఆ బలం మాత్రలు ఆపేయండి. ఆ డబ్బు ఇంతకంటే మంచి దారిలో పెట్టవచ్చు. ఆ చెవిలో కొంత వినికిడి మిగిలి ఉంటే మామూలు వినికిడి యంత్రమే పనికొస్తుంది. ఏమీ మిగలకపోతే, ఎడమ చెవి దగ్గర మైకు పెట్టి అక్కడి శబ్దాన్ని కుడి చెవికి అందించే జంట యంత్రాలున్నాయి. పుర్రె ఎముక గుండా శబ్దాన్ని మంచి చెవికి పంపేవి కూడా ఉన్నాయి. లోపలి చెవిలో అమర్చి నాడికి నేరుగా సంకేతాలు పంపే కాక్లియర్ ఇంప్లాంట్ ఒక్క చెవికి కూడా చేస్తున్నారు గాని ఖర్చు చాలా ఎక్కువ. ఏది కొన్నా, కొనేముందు కొద్ది రోజులు వాడి చూసుకునే ఏర్పాటు అడగండి. ఎమ్మారై తీయించకపోయి ఉంటే ఇప్పుడైనా తీయించండి. ఆరు నెలలకు మరోసారి ఆడియోగ్రామ్ చేయించి, ఆపైన మంచి చెవిని కూడా ఏడాదికోసారి చూపించుకోండి.

హోరు చెవిలో కంటే మెదడులో ఎక్కువగా తయారవుతుంది. చెవి నుంచి రావలసిన శబ్దం రాకపోయేసరికి మెదడే ఆ ఖాళీని నింపుతుంది. అందుకే నిశ్శబ్దంలో అది పెద్దదవుతుంది. పూర్తి నిశ్శబ్దంలో పడుకోకండి. ఫ్యాను గాని, తక్కువ శబ్దంలో రేడియో గాని పెట్టుకోండి. హోరును ముంచేయకుండా, దానికంటే కొంచెం తక్కువగా వినిపిస్తే చాలు. నెలలు గడిచేకొద్దీ చాలామందిలో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నిద్ర లేక మనసు కుంగిపోతుంటే సంకోచించకుండా మీ వైద్యునితో చెప్పండి, దానికీ చికిత్స ఉంది.

సర్టిఫికెట్ విషయంలో చట్టం మీకు సాయపడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ళకు తగ్గని నష్టం ఉండాలి. ఒక్క చెవి పూర్తిగా పోయినా ఆ లెక్కలోకి రాదు. ఒక చెవితో జీవించే ఇబ్బంది తెలిసినవాడిగా ఇది నాకు న్యాయంగా అనిపించదు, కాని ఇప్పుడున్న నిబంధన అదే.

నలుగురిలో అర్థం కాకపోతే నవ్వి ఊరుకోకండి. "నాకు ఎడమ చెవి వినపడదు, ఇటువైపు రండి" అని చెప్పండి. అలా ఒకసారి చెబితే గుర్తుపెట్టుకునేవారే ఎక్కువ. భోజనాల దగ్గర వరసలో ఎడమ కొసన కూర్చోండి, అందరూ మీ కుడి వైపున ఉంటారు. మనవరాలిని ఈసారి కుడి తొడ మీద కూర్చోబెట్టుకోండి, టీవీ ఆపేసి.